బరోలో బాటిల్‌కి మన ‘వగరు’ పరీక్ష

హైదరాబాద్‌లో ‘వైన్స్’ అని బోర్డు ఉన్న షాపులో అన్నీ దొరుకుతాయి, ఒక్క వైన్ తప్ప. విస్కీ ఉంటుంది, బ్రాందీ ఉంటుంది, చల్లటి బీరు ఉంటుంది. వైన్ కావాలంటే మాత్రం షాపతను మనల్ని ఒకసారి ఎగాదిగా చూసి, స్టూలెక్కి, పై అరలో దుమ్ము పట్టిన తియ్యటి పోర్ట్ వైన్ ఒకటి దించుతాడు. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఈ పరిస్థితి కాస్త మారింది లెండి. పెద్ద షాపుల్లో ఇటలీ, ఫ్రాన్స్, చిలీ అంటూ దేశానికో అర పెట్టారు. ఆ అరల ముందు నిలబడి, ఫోన్ తీసి, లేబుల్ స్కాన్ చేసి, యాప్‌లో స్కోరు చూసుకునే కుర్రాళ్లు నాకు తరచూ కనిపిస్తారు. స్కోరు నాలుగు దాటిందా, బుట్టలోకి. ఇంటికెళ్లి తాగాక ఒకటే మాట: "ఇంత డబ్బు పోశాం, నోరు ఎండిపోయింది. ఏముంది దీన్లో?"

ఈ వారం ఆ "ఏముంది దీన్లో" గురించే మాట్లాడుకుందాం. 21 ఏళ్లు దాటినవాళ్ల కోసం అని ముందే చెప్పేస్తున్నా, తెలంగాణలో చట్టం అంతే. తాగని వాళ్లు పేజీ మార్చక్కర్లేదు. ఇందులో సగం గొడవ మన నాలుక గురించే.

అసలు ఆ నోరు ఎండిపోవడానికి మనకో పేరుంది. వగరు. ఉగాది పచ్చడిలో ఆరు రుచులు లెక్కపెట్టేటప్పుడు చిన్నప్పుడు అందరం తడబడేది దీని దగ్గరే. తీపికి బెల్లం, పులుపుకి చింతపండు, చేదుకి వేపపువ్వు అని గబగబా చెప్పేసి, ఆఖర్న "ఇంకోటి... మామిడి పిందె... ఆ, వగరు!" అనేవాళ్లం. పచ్చి జామకాయ కొరికినప్పుడు, నేరేడు పళ్లు గుప్పెడు తిన్నప్పుడు, అరటికాయ తొక్క తీస్తూ పొరపాటున నోట్లో పెట్టుకున్నప్పుడు, వక్క నమిలినప్పుడు చిగుళ్లని ఎవరో లోపల్నుంచి పట్టి బిగించినట్టు ఉంటుందే, అదన్నమాట. ఇంగ్లిష్ వాళ్లకి దీన్ని చెప్పడానికి వంటింటి మాట లేదు, పుస్తకాల మాటే ఉంది. మనకి పండగ మాటే ఉంది. కాబట్టి రెడ్ వైన్ దగ్గర మనం వెనకబడిపోయాం అని ఎవరూ అనుకోనక్కర్లేదు.

శాస్త్రం ప్రకారం వగరు నిజానికి రుచి కాదు, స్పర్శ. ద్రాక్ష తొక్కలో, గింజల్లో టానిన్లు అనే పదార్థాలు ఉంటాయి. మన లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రొటీన్లు ఉంటాయి. టానిన్లు వెళ్లి ఆ ప్రొటీన్లని పట్టేసుకుంటాయి. జారుడు పోతుంది, నాలుక అంగిలికి గరుగ్గా తగులుతుంది. నమ్మకం కుదరకపోతే ఇవాళ సాయంత్రమే చూడండి. రెండు గ్లాసుల్లో టీ డికాక్షన్ స్ట్రాంగ్‌గా పోసుకోండి. ఒకదాంట్లో పాలు కలపొద్దు, రెండోదాంట్లో కలపండి. మొదటిది వగరు, రెండోది మెత్తన. పాలలో ప్రొటీన్ టానిన్లని ముందే పట్టేసుకుంది, మన నోటి దాకా రానివ్వలేదు. ఇరానీ చాయ్ అంత మెత్తగా ఉండటం వెనక చిక్కటి పాల పాత్ర ఇదే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తిండి దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇక ప్రపంచంలో వగరు, పులుపు రెండూ బాగా ఎక్కువున్న ద్రాక్షల్లో ఒకటి నెబ్బియోలో. ఇటలీకి వాయవ్యంలో పీడ్‌మాంట్ అనే ప్రాంతంలో, లాంగే కొండల మీద పండుతుంది. ఇటాలియన్‌లో ‘నెబ్బియా’ అంటే పొగమంచు. కోత ఆలస్యంగా, చాలా ఏళ్లు అక్టోబర్‌లో, లోయలన్నీ పొగమంచుతో నిండి ఉన్నప్పుడు జరుగుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఆ ద్రాక్షతో, ఆ కొండల మీద 11 ఊళ్ల పరిధిలో మాత్రమే చేసే వైన్‌కి బరోలో అని పేరు. బరోలో అనేది ఆ 11 ఊళ్లలో ఒక ఊరి పేరు కూడా.

మా ఆఫీసులో ఒక అన్న ఉన్నాడు. కొండాపూర్‌లో ఫ్లాటు, మైండ్‌స్పేస్‌లో ఉద్యోగం. 2022లో కార్ల కంపెనీ ప్రాజెక్టు మీద టూరిన్‌లో నాలుగు నెలలు ఆన్‌సైట్ చేసి వచ్చాడు. టూరిన్ పీడ్‌మాంట్ రాజధాని. వస్తూ వస్తూ రెండు బరోలో సీసాలు తెచ్చాడు. రెండే ఎందుకంటే మన కస్టమ్స్ రూలు మనిషికి 2 లీటర్లే. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు వస్తాయి, మూడోది పెడితే లెక్క దాటుతుంది. రెండూ 2016 పంట. అన్న వాళ్ల పాప పుట్టింది కూడా 2016లోనే. "దానికి 21 వచ్చాక, 2037లో, అందరం కలిసి తెరుద్దాం" అని వదినతో చెప్పి బెడ్‌రూమ్ కబోర్డు పై అరలో, సూట్‌కేసుల వెనక పెట్టేశాడు. వదిన చుక్క ముట్టదు, కానీ ఆలోచన ఆమెకీ నచ్చింది.

మొన్నామధ్య లంచ్‌లో ఈ కథ చెప్పాడు. నేను తింటున్న ముద్ద ఆపి అడిగాను, "అన్నా, ఆ కబోర్డు ఏ వైపు?" పడమటి గోడ అట. మూడు వేసవులు దాటాయి. పగలు ఏసీ ఆఫీసులో నడుస్తుంది, ఇంట్లో నడవదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో 40 దాటుతుంది. పడమటి గోడకి ఆనుకున్న కబోర్డు సంగతి మీకు వేరే చెప్పాలా.

అలా తేలిన విషయం ఏంటంటే, ఒకటి తెరిచి చూస్తే తప్ప రెండోదాని సంగతి తెలియదు.

తెరిచే ముందు ఆ సీసాలో ఏముందో కొంచెం చెప్పుకోవాలి. బరోలోకి చట్టం ఉంది. మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఇంచుమించు అలాంటిదే కానీ ఇంకా కఠినం. 1980 నుంచి ఇటలీ అత్యున్నత శ్రేణి డి.ఓ.సి.జి. కింద ఉంది, సీసా మెడ దగ్గర ప్రభుత్వ పట్టీ అంటించి ఉంటుంది. నూటికి నూరు శాతం నెబ్బియోలోనే వాడాలి. కోత జరిగిన ఏడాది నవంబర్ 1 నుంచి లెక్కేసి కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. ‘రిసర్వా’ అని రాయాలంటే 62 నెలలు. అంటే 2016లో కోసిన ద్రాక్ష 2020కి గానీ షాపుకి రాదు. రెండు వారాలకో స్ప్రింట్ పెట్టుకుని బతికే మన లాంటి వాళ్లకి ఈ రిలీజ్ క్యాలెండర్ చూస్తే తల తిరుగుతుంది.

ఇదే ఇటలీలో బ్రునెల్లో ది మొంటాల్చీనో అని ఇంకోటి ఉంది, టస్కనీది, సాంజియోవేసే అనే ద్రాక్షతో చేస్తారు. అది కోత తర్వాత అయిదో ఏడు జనవరికి గానీ బయటికి రాదు. దక్షిణాన కంపానియాలో తౌరాసి ఉంది, అల్యానికో ద్రాక్షది. ఏళ్ల తరబడి ఆగే వైన్లు ఇటలీలో చాలానే ఉన్నాయి. ఇవాళ్టికి బరోలోతో సరిపెట్టుకుందాం.

అసలు ఎందుకంత ఆగాలి అనే ప్రశ్న మీకొక్కరికే రాలేదు. ఆ ఊళ్లలోనే వచ్చింది, వచ్చి ఇళ్లు రెండుగా చీలాయి. 1980ల దాకా అక్కడి పెద్దలు ద్రాక్ష తొక్కల్ని రసంలో వారాల తరబడి నానబెట్టేవాళ్లు, తర్వాత వేల లీటర్లు పట్టే పాత పెద్ద పీపాల్లో ఏళ్లకేళ్లు వదిలేసేవాళ్లు. వైన్ మొదట్లో తాగలేనంత వగరుగా ఉండేది. అమ్ముడుపోయేది కాదు. పక్కనే ఫ్రాన్స్‌లోని బర్గండీలో రైతులు ఖరీదైన కార్లలో తిరుగుతుంటే, వీళ్ల పిల్లలు పొలం వదిలి టూరిన్ ఫ్యాక్టరీలకి వెళ్లిపోతుండేవాళ్లు. లా మొర్రాకి చెందిన ఎలియో అల్తారే అనే కుర్రాడు బర్గండీ వెళ్లి చూసొచ్చి, నాన్నతో వాదించి వాదించి, చివరికి 1983లో ఒకరోజు చైన్‌సా తీసుకుని నాన్నగారి పెద్ద పీపాల్ని కోసి పారేశాడు. వాటి స్థానంలో 225 లీటర్ల కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపాలు తెచ్చాడు. తొక్కలు నానబెట్టే కాలం రోజుల్లోకి దించాడు. కొడుక్కి పిచ్చెక్కిందనుకున్న తండ్రి ఆస్తిలోంచి తప్పించాడు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు మన ఊళ్లే గుర్తొస్తాయి. వరి ఆపి డ్రాగన్ ఫ్రూట్ వేద్దామన్న కొడుకు, ససేమిరా అన్న నాన్న, మధ్యలో అన్నం మానేసిన అమ్మ. ప్రతి మండలంలో ఒక ఎలియో ఉంటాడు. చైన్‌సా ఉండదు, అంతే తేడా.

రెండో పక్షం కూడా తక్కువది కాదు. బర్తోలో మస్కరెల్లో అని బరోలో ఊళ్లోనే ఒక పెద్దాయన ఉండేవాడు. పాత పద్ధతి వదల్లేదు. 1999లో తన సీసా లేబుల్ మీద చేత్తో బొమ్మ గీసి, చిన్న పీపాలూ వద్దు, బెర్లుస్కోనీ కూడా వద్దు అని అర్థం వచ్చేలా రాశాడు. బెర్లుస్కోనీ అప్పటి ఇటలీ రాజకీయాల్లో ఎంత పెద్ద తలకాయో తెలిసిందే. వైన్ లేబుల్ మీద రాజకీయ నినాదం! ఆ సీసాల కోసం కలెక్టర్లు ఇప్పటికీ ఎగబడతారు. ఆయన 2005లో పోయారు, కూతురు అదే పద్ధతిలో నడిపిస్తోంది.

ఎవరు గెలిచారంటే, నా లెక్కలో ఇద్దరూ. కుర్రాళ్ల వల్ల శుభ్రత పెరిగింది, తోటలో గెలలు పలచన చేసి నాణ్యత పెంచడం వచ్చింది, ప్రపంచం ఆ కొండల వైపు చూసింది. ఇప్పుడు మళ్లీ చాలామంది పెద్ద పీపాల దగ్గరికే వచ్చేశారు. కొత్త ఓక్ వెనీలా వాసనలో గులాబీ వాసన మునిగిపోతోందని వాళ్లకే అనిపించింది. 2014లో యునెస్కో ఆ కొండల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సరే, ఆగితే లోపల ఏం జరుగుతుంది? ఆవకాయ పోలిక అందరూ చెప్తారు, కొంతవరకే సరిపోతుంది. ఆవకాయలో ముక్క ఊరుతుంది, ఉప్పూ కారం లోపలికి పోతాయి. వైన్‌లో బయట్నుంచి ఏదీ కలవదు. సన్నసన్నగా ఉన్న టానిన్లు ఒకదానికొకటి, రంగు పదార్థాలతో కూడా, కలిసి గొలుసులు కడతాయి. గొలుసు పెద్దదయ్యాక బరువెక్కి కిందికి దిగుతుంది. పాత సీసాల అడుగున మడ్డి కనిపించేది అందుకే, అది పాడవడం కాదు. వగరు మెత్తబడుతుంది. ఎరుపు కాస్తా ఇటుక రంగుకి తిరుగుతుంది. తాజా పండు వాసన వెనక్కి వెళ్లి ఎండు పూలు, తోలు, పుట్టగొడుగు, తడిమట్టి లాంటి వాసనలు ముందుకొస్తాయి. పులుపు మాత్రం పెద్దగా తగ్గదు, నిలబెట్టేది అదే.

ఇక్కడ ఒక పెద్ద అపోహ ఉంది. "వైన్ ఎంత పాతదైతే అంత మంచిది" అని. కాదు బాబూ. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం ఒకటి రెండేళ్లలో తాగేయడానికే. ఆగాలంటే మొదట్నుంచే దాంట్లో సరుకుండాలి. పులుపు, వగరు, పండు సారం, మూడూ దండిగా ఉండాలి. నెబ్బియోలోలో ఉంటాయి. షాపులో దొరికే మామూలు రెడ్ వైన్‌ని పదేళ్లు దాస్తే ఖరీదైన వెనిగర్ అవుతుంది, మహా అయితే.

శనివారం సాయంత్రం అన్న ఫ్లాట్లో ఆరుగురం కూర్చున్నాం. ఒక్క సీసా, ఆరుగురికి తలా 125 మిల్లీలీటర్లు. చిన్న నిమ్మకాయ షోడా కన్నా తక్కువ. అంతే ఉండాలి కూడా. ఒక్క ఎక్స్‌ట్రా పని చేశాం: సీసాని అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టాం. పుస్తకాల్లో "రూమ్ టెంపరేచర్" అని ఉంటుంది కదా, అది హీటర్లు లేని పాతకాలం యూరప్ గది, 16 నుంచి 18 డిగ్రీలు. కొండాపూర్ హాల్ 30 డిగ్రీలు. వెచ్చటి రెడ్ వైన్‌లో ఆల్కహాల్ ఘాటు తప్ప ఏదీ తెలియదు.

కార్క్ బయటికి రాగానే నేను వైన్ చూడలేదు, కార్క్ చూశాను. అడుగున ఎర్రగా తడిసి ఉండటం మామూలే. ఇది మాత్రం ఒక పక్కన సన్నటి ఎర్ర చార పై దాకా పాకి ఉంది. వేడికి లోపలి ద్రవం ఉబ్బి, కార్క్ అంచు వెంట పైకి ఎక్కిందన్నమాట. చల్లబడినప్పుడు అదే దారిలో గాలి లోపలికి వెళ్తుంది. అన్న మొహం చూడలేకపోయాను.

మొదట రంగు. గ్లాసుని తెల్ల కాగితం మీద వంచి చూశాం. నెబ్బియోలో లేతగా ఉన్నప్పుడే పలచటి రంగు, గ్లాసులోంచి కింద అక్షరాలు చదవొచ్చు. "ఇంత పలచనేంటి, నీళ్లు కలిపారా?" అన్నాడొకడు. రంగు పలచన, వగరు గట్టి, ఇదే ఈ ద్రాక్షలో తమాషా. మొదటిసారి తాగేవాళ్లని ఏమార్చేది కూడా ఇదే. పదేళ్ల వయసుకి అంచులో ఇటుక ఛాయ రావాలి. దీన్లో అంచు దాటి లోపల దాకా గోధుమ రంగు వచ్చేసింది. వయసు కన్నా ముందే పెద్దదైపోయినట్టు.

తర్వాత వాసన. తిప్పకుండా ఒకసారి, గ్లాసుని గుండ్రంగా తిప్పి ఒకసారి. బరోలోకి ప్రపంచమంతా చెప్పే రెండు గుర్తులు తారు, గులాబీ. తారు అంటే మొహం చిట్లించకండి, కోకాపేటలో కొత్త రోడ్డు వేసేటప్పుడు ఎండలో దూరంగా తగిలే వాసన, అంత పలచగా. ఆరుగురం ఆరు రకాలుగా చెప్పుకుంటున్నాం, ఎండు చెర్రీ అని ఒకరు, నారింజ తొక్క అని ఒకరు. వదిన అటుగా వెళ్తూ గ్లాసు అందుకుని ఒక్కసారి వాసన చూసి, "గుల్కంద్" అని, వంటింట్లోకి వెళ్లిపోయింది. అంతే. పంచదారలో ఊరిన గులాబీ రేకులు, మీఠా పాన్ లోపల వాసన. నేను చదివిన పుస్తకాల్లో అంత కచ్చితమైన మాట లేదు. వాసన పట్టడానికి వైన్ తాగి ఉండాలని రూలు లేదు, తిన్నవీ వాసన చూసినవీ గుర్తుంటే చాలు.

కానీ గుల్కంద్ కింద ఇంకోటి ఉంది. ఉడికిన రేగుపళ్లు, పాకం ముదిరిన బెల్లం లాంటి వాసన. అది వయసు వాసన కాదు, వేడి వాసన.

నోట్లో పోసుకుని వెంటనే మింగకుండా రెండు మూడు సెకన్లు అన్ని వైపులా తిప్పండి. పులుపు నాలుక పక్కల నీరూరిస్తుంది, వగరు పై చిగుళ్ల దగ్గర బిగుస్తుంది. మింగాక లెక్కపెట్టుకోండి, రుచి ఎన్ని సెకన్లు ఉందో. ఆరు గంటలకి ఇది బిగుసుకుని ఉంది, పది సెకన్లకి పోయింది. మిగతాది వెడల్పాటి గాజు జగ్గులో పోసి వదిలేశాం. డికాంటర్ అని వేలు పోసి కొనక్కర్లేదు, నీళ్ల జగ్గు చాలు. మడ్డి మాత్రం సీసాలోనే ఆగేలా మెల్లగా వంచాలి. ఎనిమిదికి మళ్లీ తాగితే అది వేరే మనిషి. బెల్లం వాసన కొంత సర్దుకుంది, వగరు పట్టుబట్టలా మెత్తగా పరుచుకుంది, రుచి అర నిమిషం నిలిచింది. మంచి నెబ్బియోలోకి గాలి ఇలా పనిచేస్తుంది. మరీ పాతవాటికి, పాతికేళ్లు దాటినవాటికి మాత్రం ఇంతసేపు వదలకండి, గాల్లోనే ప్రాణం పోతుంది.

తిండి విషయంలో మా వాళ్లు బిర్యానీ ఆర్డర్ చేయబోతే ఆపాను. కారం, ఆల్కహాల్ కలిస్తే మంట రెట్టింపు, మిర్చీ కా సాలన్ ముందు ఏ బరోలో అయినా చేతులెత్తేస్తుంది. ఇందాకటి పాల టీ గుర్తుందా? ప్రొటీన్, కొవ్వు ఉన్న తిండి వగరుని పట్టేసుకుంటుంది. మటన్ మరగ్ తెప్పించాం, మిరియాలే తప్ప పచ్చిమిర్చి గోల లేదు. శాకాహారి మిత్రుడికి వెన్నలో వేయించిన పుట్టగొడుగులు. వదిన చేసిన ముద్దపప్పు, నెయ్యి, అన్నంతో కూడా ప్రయత్నించా. నవ్వకండి. పీడ్‌మాంట్ వాళ్లు వెన్న పోసి తినే పాస్తాకీ దీనికీ పెద్ద దూరం లేదు.

మన ఊళ్లో ఇంకో తెలుగు సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. బ్రునెల్లో చేసే సాంజియోవేసే ద్రాక్షని మన పక్కనే పండిస్తున్నారు. హైదరాబాద్ మందుల కంపెనీ గ్రాన్యూల్స్ ఇండియా స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కలిసి కర్ణాటకలో హంపి కొండల దగ్గర ‘క్రస్మా’ అనే తోట పెట్టారు. పేరు విడదీసి చూడండి, కృష్ణ, ఉమ ఇద్దరూ ఉంటారు. అంత ఎండలో పండిన సాంజియోవేసే టస్కనీ దానిలా ఉండదు, ఉండాలని అడగడం కూడా న్యాయం కాదు. కానీ బరోలో కొనే ముందు వగరు, పులుపు అలవాటు చేసుకోవడానికి ఇలాంటివి మంచి బడి. అలాగే అరల్లో ‘లాంగే నెబ్బియోలో’ అని కనిపిస్తే చూడండి. అదే ద్రాక్ష, అవే కొండలు, 38 నెలల రూలు లేదు, ధర బరోలో కన్నా బాగా తక్కువ. దిగుమతి వైన్ మీద మన దేశంలో ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంటూ వచ్చింది, దాని పైన రాష్ట్రం పన్నులు. ఇటలీలో అన్న కొన్న ధరకి ఇక్కడ సీసా రాదు. ఒక్కోసారి ఒక ఇంటి నెల కిరాణా అంత అవుతుంది. ఆరుగురు పంచుకుంటేనే అందంగా ఉంటుంది.

"రెడ్ వైన్ గుండెకి మంచిదట" అని ఫ్యామిలీ గ్రూపులో వచ్చే మెసేజ్ మాత్రం ఫార్వర్డ్ చేయకండి. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. రుచి కోసం తాగితే రుచి కోసం అని ఒప్పుకుందాం. ఇంకా, వీకెండ్ రాత్రి సైబరాబాద్ పోలీసుల మిషన్‌కి బరోలో, బీరు తేడా తెలియదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మేం అయిదుగురం క్యాబుల్లోనే వెళ్లాం.

ఇంతకీ రెండో సీసా. మంచి ఇంట్లో తయారైన 2016 బరోలో, 13 డిగ్రీల దగ్గర, చీకట్లో, అడ్డంగా పడుకోబెట్టి ఉంచితే 2040 దాటినా ఆశ్చర్యపోను, అంత మంచి పంట ఆ ఏడాది. అన్న సీసాకి ఆ అవకాశం లేదు. దాని జోడీ మూడు వేసవుల్లో పదేళ్ల ముసలితనం తెచ్చుకుంది, అదీ అలాగే ఉండి ఉంటుంది. 2037 దాకా ఆపితే పాప పుట్టినరోజుకి ఉడికిన రేగుపళ్ల నీళ్లు మిగులుతాయి. ఇంకో రెండేళ్లలోపు తాగేయమన్నాను. అప్పటి దాకా కబోర్డులోంచి తీసి, బట్టలో చుట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల డ్రాయర్‌లో పెట్టమన్నాను. నాలుగు డిగ్రీల చలి, పొడి గాలి ఏళ్లకేళ్లు మంచివి కావు గానీ, కొండాపూర్ పడమటి గోడ కన్నా వెయ్యి రెట్లు నయం. ఫ్రిజ్ పైన, వంటగది అటక మీద, బాల్కనీలో పెట్టేవాళ్లు ఉంటే ఇప్పుడే లేచి తీయండి. నిజంగా దాచాలనుకుంటే ఎనిమిది, పన్నెండు సీసాలు పట్టే చిన్న వైన్ ఫ్రిజ్‌లు వస్తున్నాయి, కరెంటు పోయినా గంటా రెండు గంటలు చల్లదనం పట్టి ఉంచుతాయి.

అన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మరి పాప 21కి?" అన్నాడు. 2016 బరోలో సీసాలు ఇటలీలో సరైన గదుల్లో ఇంకా పడుకునే ఉన్నాయి, 2037లో వెళ్లి అక్కడే తెరిస్తే సరి అన్నాను. వదిన వంటింట్లోంచి, "ఫ్లైట్ టికెట్ల డబ్బులు ఇప్పట్నుంచే వేరే పెట్టండి అయితే" అంది. రెండో సీసా ఇప్పుడు వాళ్ల ఫ్రిజ్‌లో దోసకాయల పక్కన, పాత టవల్‌లో చుట్టుకుని ఉంది. టవల్ మీద పాప స్కెచ్ పెన్నుతో రాసింది: ‘నాన్నది, ముట్టుకోవద్దు’.